బూడిద అడుగున జడపిన్ను

"ముట్టుకోవద్దు వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముట్టుకోలేదు, చూస్తున్నాను," అంది మొండక్క. "చూపుకి కూడా వారంటు కావాలంటే చెప్పు, కళ్ళు మూసుకుంటా."

ఇన్‌స్పెక్టరు పళ్ళు నూరాడు గానీ మారు మాట్లాడలేదు. మాట్లాడితే ఏమవుతుందో అతనికి తెలుసు. మొండక్క అతని భార్యకి స్వయానా అక్క. ఇక్కడ ఒక మాట తూలితే ఇంటికెళ్ళాక దానికి వేరే విచారణ జరుగుతుంది. అసలు మొండక్క అన్న పేరు ఆవిడకి పెట్టింది పోలీసు శాఖే. పై అధికారి మూసెయ్యమన్న కేసుని మూసేది లేదని భీష్మించుకు కూర్చుంటే, ఏడిపించడానికి పెట్టారు. ఆవిడ ఉద్యోగాన్ని వాళ్ళ మొహాన కొట్టి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచి, ఆ పేరునే బోర్డు మీద రాయించుకుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ సామెతలో ఆడవాళ్ళ ఊసెత్తకపోవడం పెద్దలు చేసిన పొరపాటని ఆవిడ అభిప్రాయం.

ఇప్పుడు ఆవిడ నిలబడింది సముద్ర పరిశోధన సంస్థ వెనక నడవాలో. నడవాకి అటొక కోల్డ్ రూమ్, ఇటొక కోల్డ్ రూమ్. అటువైపు గదిలో నిన్న పొద్దున పెద్ద మేడమ్ శవం దొరికింది. పెద్ద మేడమ్ ఆ సంస్థలో అందరికంటే సీనియర్ శాస్త్రవేత్త, గుండె జబ్బు మనిషి. రాత్రంతా చలిలో ఇరుక్కుపోయి గుండె ఆగిందని డాక్టర్లు తేల్చారు. తలుపుకి బయట గడియ పడి ఉంది. రెండు గదుల్లోనూ లోపలినుంచి తెరిచే పిడి విరిగి చాలా కాలమైంది, బాగుచేయించమని అడిగి అడిగి అందరి నోళ్ళూ నొప్పెట్టాయి తప్ప అది బాగుపడలేదు. మందపాటి గోడల్లో ఫోను పనిచెయ్యదు. కూలింగ్ మిషన్ హోరులో అరుపు బయటికి రాదు.

ఇన్‌స్పెక్టరు అప్పుడే కథ అల్లేశాడు. చంపింది మేడమ్ శిష్యురాలేనట. ఆ అమ్మాయిని ఇక్కడ అందరూ బూడిద పిల్ల అంటారు, ఆమె పనంతా అగ్నిపర్వతాల బూడిదతోనే కాబట్టి. మొన్న మధ్యాహ్నం గురువుకీ శిష్యురాలికీ నడవా దద్దరిల్లేలా గొడవైంది. సాయంత్రం పిల్ల బయటికెళ్ళి, హెల్మెట్ మర్చిపోయానని మళ్ళీ లోపలికొచ్చింది. అదే సాయంత్రం మేడమ్ ఫోనుకి, 'క్షమించండి మేడమ్, తప్పు నాదే' అని సందేశం పెట్టింది. ఇంకేం కావాలి? మధ్యాహ్నం రెండింటికి పిల్లని కోర్టులో హాజరుపరచాలని ఇన్‌స్పెక్టరు తొందర. వాంగ్మూలం టైపు చేయించి ఉంచాడు. సంతకం ఒక్కటే తరువాయి.

కేసు మొండక్క చేతిలో పెట్టింది మాత్రం చచ్చిపోయిన మేడమ్ అక్క. చెల్లెలు ఆ పిల్లని కూతురనుకుంది, కూతురు తల్లిని లోపలుంచి తలుపేస్తుందా అని అడిగిందావిడ. తలుపులేసిన కూతుళ్ళని మొండక్క చూడకపోలేదు. అయినా వస్తానంది.

"మీ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు జాలిగా. "పిల్ల తప్పు ఒప్పేసుకుంది."

"ఏ తప్పు?"

అతను సమాధానం చెప్పేలోగా ఆవిడ చూపు గోడ మీదికి పోయింది.

రెండు కోల్డ్ రూములకీ కలిపి గోడకి ఒకే వరస కొక్కేలున్నాయి. ఒక్కో కొక్కెం మీద ఒక్కొక్కరి పేరు, దానికి ఆ మనిషి నీలం రంగు చలికోటు. పక్కనే బోర్డు. లోపలికెళ్ళేవాళ్ళు తమ కోటు వేసుకుని వెళ్ళాలి, కొక్కెం ఖాళీగా ఉంటే తలుపుకి గడియ వేయరాదు అని పెద్ద అక్షరాలతో ఉంది. ఖాళీ కొక్కెం అంటే లోపల మనిషి ఉన్నట్టు. మంచి పద్ధతే. ఆ రాత్రి గడియ వేసిన తాళాలాయన్ని పిలిపించి అడిగితే, ఆయన ఏడుస్తూ ఒకటే మాట చెప్పాడు. తలుపు దగ్గరికొచ్చి కొక్కేలు చూశాడట. ఒక్కటీ ఖాళీగా లేదట. ఉంటే గడియ మీద చెయ్యి వేసేవాణ్ణా అని గుండె బాదుకున్నాడు.

మొండక్క ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించింది. తర్వాత మరిదివైపు తిరిగింది.

"మేడమ్ ఒంటి మీద కోటుందా?"

"ఉంది. పోస్టుమార్టంవాళ్ళ దగ్గరుంది."

"ఆవిడ కొక్కెం ఏది?"

మొదటిదే. దాని మీద పేరుంది. దానికి నీలం కోటు కూడా ఉంది.

"మరి ఇదెవరిది మరిదీ? ఆవిడ కోటు ఆవిడ ఒంటి మీదే ఉంటే?"

ఇన్‌స్పెక్టరు ఆ కోటుకేసి చూశాడు. రెండు రోజులుగా ఈ నడవాలో అతని మనుషులు ఎంతమంది తిరిగారో, ఎన్ని ఫోటోలు తీశారో. కొక్కేలు నిండుగా ఉన్నాయని రాసుకున్నారు, నిండుగా ఎందుకున్నాయని ఒక్కడూ అడగలేదు. పక్కనే చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఉంచిన కోట్ల బీరువా ఉంది, అన్నీ అదే రంగు. అందులోంచి ఒకటి తీసి ఖాళీ కొక్కేనికి తగిలిస్తే చాలు, మిగతా పని పాపం తాళాలాయనే చేసిపెడతాడు. చేతికి మట్టంటకుండా మనిషిని చంపడమంటే ఇదే. మొండక్కకి ఒళ్ళు మండింది.

"అదైనా ఆ పిల్లే తగిలించి ఉండొచ్చుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ దగ్గరికెళ్ళి వరసంతా పరికించింది. మిగతా కోట్లన్నీ లోపలి అస్తరు బయటికి తిప్పి తగిలించి ఉన్నాయి. ఈ ఒక్కటే ఇంట్లో చొక్కా తగిలించినట్టు మామూలుగా ఉంది. ఎందుకలా అని తాళాలాయన్ని అడిగితే, చలిలోంచి బయటికి రాగానే అస్తరు చెమ్మ పడుతుందనీ, ఆరడానికి అందరూ తిప్పే తగిలిస్తారనీ చెప్పాడు. అది బోర్డు మీద రాసి లేదు. ఇక్కడ పనిచేసేవాళ్ళ చేతికి అలవాటంతే.

"బోర్డు చదివినవాడే గానీ ఇక్కడివాడు కాదు," అంది మొండక్క.

"పిల్ల కంగారులో తిప్పడం మర్చిపోయి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతనూ తక్కువవాడు కాదు. ఆ కుటుంబంలోకి అల్లుడిగా వచ్చాక కొంత మొండితనం అతనికీ అంటింది.

ఇద్దరూ శవం దొరికిన గదిలోకి వెళ్ళారు. లోపల బల్ల మీద పొడవాటి దోనెలాంటి ప్లాస్టిక్ అరగొట్టంలో బూడిదరంగు మట్టి ఉంది. సముద్రం అడుగున గొట్టం దించి పైకి లాగిన మట్టిని వీళ్ళు కోర్ అంటారు. దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ నిలువునా రెండు సగాలు చేస్తారు. ఇది అందులో ఒక సగం. పెద్ద మేడమ్ శవం ఈ బల్లకి ఆనుకునే దొరికింది. ఒక చివర 'పైవైపు' అని చీటీ. మధ్యలో వేలెడు మందాన తెల్లటి పొర, ఆ పొరకి ఒక అంచున ఏదో మెరిసింది. మొండక్క వంగి చూసింది. నల్లటి జడపిన్ను, మట్టిలోకి నిటారుగా గుచ్చి ఉంది.

"ఇది మీవాళ్ళు చూశారా?"

"జారిపడి ఉంటుంది."

"జారిపడిన పిన్ను నిలబడి గుచ్చుకోదు. నీ తలలోంచి ఒకటి జార్చి చూపించు."

ఇన్‌స్పెక్టరు చెయ్యి అసంకల్పితంగా బట్టతల మీదికి పోయింది. మొండక్క ఆ మాటన్నందుకు ఒక క్షణం నొచ్చుకుంది, రెండో క్షణానికి మర్చిపోయింది. మట్టి ముఖం మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా సన్నటి గీతలున్నాయి, చీపురు లాగినట్టు. తెల్లటి పొర దగ్గర ఆ గీతల్లో తెలుపు తోకలా సాగి పక్క మట్టిలోకి పాకింది. పిన్ను ఆ తోక మీదే గుచ్చి ఉంది. అంటే గీతలు ముందు, పిన్ను తర్వాత. ఆవిడ అది మనసులో పెట్టుకుని, బల్లని కదపకుండా పిల్లని ఇక్కడికి తీసుకురమ్మంది.

బూడిద పిల్లకి ఇరవయ్యెనిమిదేళ్ళుంటాయి. రెండు రోజులుగా నిద్రలేని కళ్ళు. మేడమ్ అనొద్దు, అక్కా అను అని మొండక్క అంటే తల ఊపి, మళ్ళీ మేడమ్ అనే అంది. గొడవ దేనిగురించని అడిగితే దాచకుండా చెప్పింది.

ఆ తెల్లటి పొర అగ్నిపర్వతం బూడిద. కొండ పేలినప్పుడు గాలికి ఎగిరి, సముద్రమంతా కొద్ది రోజుల్లో పడి, అడుగున పేరుకుపోతుంది. దాన్ని దగ్గరగా చూస్తే సన్నటి గాజు పలుకులు. ఒక్కో పేలుడు గాజుది ఒక్కో గుణం. పిల్ల ఆ పలుకుల్ని ఒక్కొక్కటీ ఏరి, పరీక్ష చేసి, ఇది ఫలానా పేలుడు అని చెబుతుంది. ఆ పేలుడు నాలుగు వేల ఏళ్ళ కిందటిదని ముందే తెలుసు. కాబట్టి ఆ గీత కింద ఉన్న మట్టి అంతకంటే పాతది, పైన ఉన్నది కొత్తది. ఆ ముక్కలోనే ఇంకో పొర కూడా ఉంది. సముద్రపు గట్టు విరిగి జారి, బురద కుప్పగా వచ్చిపడ్డ పొర. అలా జారినప్పుడల్లా ఒడ్డుకి పెద్ద అలలొస్తాయి.

"ఆ జారుడు బూడిదకి పైనుంటే గట్టు ఈమధ్యే కదిలినట్టు, మళ్ళీ కదులుతుందని భయం. కిందుంటే ఎప్పటిదో, ఫరవాలేదు," అంది పిల్ల. "అక్కడ కొత్త రేవు కడుతున్నారు మేడమ్. కార్మికులకి ఇళ్ళు, పిల్లలకి బడి, అన్నీ ఒడ్డునే. జారుడు కిందుందని రేవు కంపెనీవాళ్ళ సలహాదారు రిపోర్టు రాశారు. మా మేడమ్‌కి అనుమానమొచ్చింది. ఈ ముక్క తలకిందులైందేమో అన్నారు. ఓడ మీద ముక్కలు కోసి చీటీలు అంటించింది నేనే. తుఫానులో కోశాం. నిలబడటానికే లేదు. నేనే తిరగేశానేమో అని..."

"తిరగేశావా?"

"లేదనే అనుకున్నాను. మేడమ్ మీద అరిచాను కూడా. బయటికెళ్ళాక భయమేసింది. అందుకే ఆ సందేశం పెట్టాను." పిల్ల చూపు పిన్ను మీద పడింది. మొహం పాలిపోయింది. "ఇది మేడమ్ పిన్ను."

మొండక్క మెల్లగా, ఇక్కడ పిన్ను గుచ్చడమంటే ఏమిటని అడిగింది. పిల్ల చెప్పింది. బూడిద పొర కనిపిస్తే వీళ్ళు చిన్న జెండా పిన్ను గుచ్చుతారు, ఎప్పుడూ పొర అడుగునే. గచ్చు మీద పిండి చల్లితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అడుగు అంచు గీసినట్టుంటుంది. పైన మాత్రం సముద్రపు పురుగులు కెలికి కెలికి చెదరగొడతాయి. ఇప్పుడు మేడమ్ పిన్ను గుచ్చిన అంచు గీసినట్టే ఉంది, కానీ అది 'పైవైపు' చీటీ దిక్కుకి తిరిగి ఉంది. చలిలో, తలుపు తెరుచుకోదని తెలిశాక, ఆ ముసలావిడ తలలోంచి పిన్ను తీసి, ఇదే అడుగు అని చెప్పి పోయింది.

"అయితే నిజంగానే తలకిందులైంది," అంది పిల్ల. కళ్ళు నీళ్ళతో నిండాయి. "నేనే చేశాను. ఆ కాగితం ఇవ్వమనండి మేడమ్, సంతకం పెడతాను."

ఇన్‌స్పెక్టరు జేబులో చెయ్యి పెట్టాడు. మొండక్క అతన్ని ఒక చూపు చూసింది. చెయ్యి అక్కడే ఆగింది.

"ఏడుపు తర్వాత. ముందు ఈ గీతలేంటో చెప్పు," అంది.

పిల్ల కళ్ళు తుడుచుకుని వంగింది. వంగిన మనిషి ఇంకా దగ్గరికి వంగింది. లేచేసరికి ఆ మొహంలో ఏడుపు లేదు. ఎవరో తన వంటింట్లో చెప్పులేసుకుని తిరిగినప్పుడు వచ్చే కోపం ఉంది. మొండక్క వెంటనే మరిదిని బయట నిలబడమని, తలుపు దగ్గరికేసి, పిల్ల చెప్పిందంతా తనొక్కతే విన్నది. విన్నాక, ఈ మాట నేను అడిగేదాకా ఎవరికీ చెప్పకు, కన్నతల్లికైనా సరే అని ఒట్టు వేయించుకుంది.

"ఆ కాగితం మీద సంతకం పెడతావా?"

"చంపినా పెట్టను," అంది బూడిద పిల్ల.

డైరెక్టరు గదిలో ఏసీ చల్లగా ఉన్నా డైరెక్టరుకి చెమటలు పడుతున్నాయి. పెద్దమనిషి, భయస్థుడు. సోఫాలో రేవు కంపెనీ సలహాదారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మొన్న సాయంత్రం ఇదే గదిలో చీకటి పడేదాకా రిపోర్టు దిద్దుకుంటూ ఉన్నానని, డైరెక్టరు ముందే ఇంటికెళ్ళాడని ఆయనే చెప్పాడు. చెప్పి, పోలీసులు ఉండగా ఈ ప్రైవేటు ఆవిడకి తామెందుకు జవాబు చెప్పాలని ఇన్‌స్పెక్టరుని నిలదీశాడు.

"మీ చదువు ఎంతవరకమ్మా?" అనడిగాడు మొండక్కని.

"ఎదుటివాళ్ళ మొహం చదివేంతవరకు," అంది ఆవిడ, కుర్చీ లాక్కుని. "కోర్‌ని మొదట రెండు సగాలుగా తెరిచిన రోజు ఫోటోలు తీస్తారట కదా డైరెక్టరుగారూ. చూపిస్తారా?"

డైరెక్టరు నీళ్ళు నమిలాడు. ఆ ఫోటోలున్న కంప్యూటరు రిపేరుకి పోయిందన్నాడు. ఎవరు పంపమన్నారంటే సలహాదారు వైపు చూడబోయి, మధ్యలో మెడ తిప్పుకుని కిటికీ వైపు చూశాడు.

సలహాదారు నవ్వాడు. ఓడ మీద ఒక అనుభవం లేని పిల్ల ముక్కని తిరగేసిందేమో, అదంతా శాస్త్రం, కొలిచి చూసి సరిచేసుకోవచ్చు, దానికీ హత్యకీ ముడిపెట్టి రేవు పనులు ఆపాలని ఎవరైనా చూస్తే మాత్రం కంపెనీ ఊరుకోదన్నాడు. ఇన్‌స్పెక్టరు పై అధికారి పేరు కూడా ఇంటిమనిషి పేరులా వాడాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"చూడు వదినా, ఇక చాలు," అన్నాడు. "నాకూ పైనుంచి ఒత్తిడి ఉంది."

"నీ ఒత్తిడికి ఆ పిల్ల జీవితం అడ్డం పెట్టకు మరిదీ. పైనున్నవాళ్ళు మారతారు. మా చెల్లి మారదు."

తర్వాత ఆవిడ గుమ్మంలో నిలబడ్డ పిల్లవైపు తిరిగి, ఈ ముక్కకి రెండో సగం ఏమైందని అందరికీ వినపడేలా అడిగింది. అది భద్రంగా దాచే సగమని, పరీక్షలకి వాడేది ఒక్క సగమేనని, రెండోది రెండో కోల్డ్ రూమ్‌లో ఎవరూ ముట్టుకోకుండా ఉంటుందని పిల్ల చెప్పింది. తెరిచిన రోజు గుచ్చిన జెండా కూడా దానికి అలాగే ఉంటుందట. ఓడ మీద తిరగబడి ఉంటే రెండు సగాలూ తిరగబడే ఉండాలి. తెరిచాక ఎవరైనా ఒక్కదాన్ని తిప్పి ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టగానే తెలిసిపోతుంది.

సలహాదారు కాలు మీది కాలు దించాడు. ఆయన రెండో సగం పరీక్షలకి ఖర్చైపోయిందనుకున్నాడని ఆ పాదం కదలికే చెప్పింది.

"వెళ్ళి తీసుకురా," అంది మొండక్క. ఇన్‌స్పెక్టరు అభ్యంతరం చెప్పబోయి, గేటు దగ్గర తన మనుషులున్నారు, ఎక్కడికి పోతుందిలే అని ఊరుకున్నాడు.

పిల్ల వెళ్ళింది. కాసేపటికి సలహాదారు ఫోను చేసుకోవాలని లేచాడు. మొండక్క ఆయన్ని ఆపకుండా డైరెక్టరుని ప్రశ్నల్తో పిండుతూ కూర్చుంది. ఆ ఒక్కటీ ఆవిడ చేసిన పొరపాటు. దొంగ పారిపోతాడనుకుంది గానీ అదే ఘోరం మళ్ళీ చేస్తాడనుకోలేదు. సలహాదారు తిరిగొచ్చి, సిగ్నల్ లేదని విసుక్కుంటూ కూర్చున్నాడు. పిల్ల రాలేదు. ఇంకాసేపు చూశారు. అప్పటికీ రాలేదు.

ఇన్‌స్పెక్టరు లేచాడు. మొహం ఎర్రబడింది. గేటుకి ఫోను చేశాడు, ఎవరూ బయటికి పోలేదన్నారు. వెనక గోడ దూకి ఉంటుంది, సాక్ష్యం కూడా పట్టుకుపోయింది, చూశారా మీ నమ్మకం అని మొండక్క మీద విరుచుకుపడ్డాడు. నేను ముందే చెప్పానుగా అన్నాడు సలహాదారు.

మొండక్క వినలేదు. అప్పటికే నడవాలోకి నడుస్తోంది. నడక పరుగైంది. మోకాళ్ళనొప్పుల మనిషి అలా పరిగెత్తగలదని ఇన్‌స్పెక్టరుకి కూడా తెలియదు.

కొక్కేలన్నీ నిండుగా ఉన్నాయి. పిల్ల పేరున్న కొక్కేనికి కూడా కోటుంది. కోటు బయట వదిలి కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళే మనిషి కాదు, అంటే లోపలికి వెళ్ళలేదని ఎవరైనా అనుకుంటారు. రెండో గది తలుపుకి బయట గడియ వేసి ఉంది. మొండక్క ఆ కోటునే చూసింది. దాని అస్తరు లోపలికే ఉంది.

"మరిదీ, గడియ!"

ఆవిడ గొంతులో ఆ పలుకు ఇన్‌స్పెక్టరు ఎన్నడూ వినలేదు. ఎందుకని అడక్కుండా గడియ లాగాడు. చల్లటి ఆవిరి మొహాన కొట్టింది. తలుపు వెనకే బూడిద పిల్ల నిలబడి ఉంది, తన కోటు తన ఒంటి మీదే ఉంది. రెండు చేతులా పొడవాటి అరగొట్టాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"గడియ చప్పుడు విన్నాను," అంది. "అరిచాను. ఎవరికీ వినపడలేదు. మేడమ్ కూడా ఇలాగే అరిచి ఉంటారు."

మొండక్క ఆమె వీపు గట్టిగా రుద్దింది. ఇన్‌స్పెక్టరు కొక్కెం మీది కోటుని, పిల్ల ఒంటి మీది కోటుని మార్చి మార్చి చూశాడు. తన కళ్ళ ముందే, పట్టపగలు, తను టీ తాగుతుండగా జరిగింది. డైరెక్టరు గదిలోంచి మధ్యలో లేచి వెళ్ళింది ఎవరో చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. డైరెక్టరు కుర్చీలోంచి లేవనేలేదు.

రెండు సగాల్నీ నడవాలో బల్ల మీద పక్కపక్కన పెట్టారు. చీటీల ప్రకారం పైవైపు పైకి. ఒకదానిలో చిన్న ఎర్ర జెండా బూడిద అడుగున గుచ్చి ఉంది, జారుడు బురద దానికి పైన. రెండోదానిలో మేడమ్ జడపిన్ను బూడిద పైఅంచున, జారుడు కింద. ఒక్క మట్టిని చీల్చిన రెండు సగాలు ఒకదానికొకటి తలకిందులుగా ఉన్నాయి. ఓడ మీద తప్పేమీ జరగలేదు. తుఫానులోనూ పిల్ల చెయ్యి తప్పలేదు. ఆ సంగతి అర్థమైనప్పుడు ఆ అమ్మాయి ఊపిరి ఒక్కసారి గట్టిగా తీసుకుంది, అంతే.

వెనకే వచ్చిన డైరెక్టరు, సలహాదారు అది చూశారు. సలహాదారు గొంతు పెంచాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తననెవరూ ఏమీ అనకముందే మొదలుపెట్టాడు. తను ఫోను కోసం మెట్ల దగ్గరే ఉన్నాడట. పిల్లే ఎవరిచేతో గడియ వేయించుకుని నాటకమాడిందట.

"ఇరవై ఏళ్ళుగా కోర్ల మీద పనిచేస్తున్నవాణ్ణి," అన్నాడు. "ల్యాబు పద్ధతులన్నీ నా వేళ్ళ మీద ఉంటాయి. నేనే తిప్పాలనుకుంటే ఇంత మొరటుగా తిప్పుతానా?"

మొండక్క పిల్లవైపు చూసి తల ఊపింది. ఇప్పుడు అడుగు, అన్నట్టు.

బూడిద పిల్ల పల్చటి స్టీలు బద్ద ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"అయితే ఒక్కటి చెప్పండి సార్. కోర్ ముఖం శుభ్రం చెయ్యాలంటే ఎటునుంచి ఎటు గీకుతారు?"

"ఇదీ ఒక ప్రశ్నేనా?" సలహాదారు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి నవ్వాడు. "పైనుంచి కిందికి."

"అడ్డంగా," అన్నాడు డైరెక్టరు.

ఎవరూ ఆయన్ని అడగలేదు. మొదటి ఏడాది విద్యార్థి తప్పు చెబితే దిద్దినట్టు, అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక చేత్తో నోరు మూసుకున్నాడు. ఆలస్యమైంది.

"అడ్డంగానే గీకాలి," అంది పిల్ల. "పొడుగ్గా గీకితే ఒక కాలం మట్టి ఇంకో కాలంలోకి ఈడ్చుకుపోతుంది. లెక్కలన్నీ తప్పుతాయి. ఇక్కడ అడుగుపెట్టిన మొదటి రోజు మాకు నేర్పేది అదే. మీరు చీటీ పీకి అటు చివర అంటించి, జెండా పీకేసి, ఆ చిల్లు కనపడకుండా పొడుగ్గా గీకేశారు. బూడిద తోక సాగింది. మేడమ్ ఆ రాత్రి అది చూశారు సార్. చూసి, మీరు గీకినదాని మీదే పిన్ను గుచ్చారు."

సలహాదారు బద్ద వైపు చూశాడు. తర్వాత నడవా చివర మెట్ల వైపు చూశాడు. అప్పటికే ఇన్‌స్పెక్టరు ఆ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పై అధికారికి ఫోను చేస్తానని సలహాదారు బెదిరించబోయాడు. చేసుకోండి, ఇక్కడ సిగ్నల్ లేదన్నారుగా అని ఇన్‌స్పెక్టరు ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. డైరెక్టరు గోడకి చేరగిలబడి, కంప్యూటరు ఎక్కడుందో చెబుతానన్నాడు, ఎవరూ అడక్కముందే.

జేబులోంచి వాంగ్మూలం కాగితం తీసి ఇన్‌స్పెక్టరు నాలుగు ముక్కలు చేశాడు. చేసి, వదిన వైపు చూడలేక కోర్ వైపు చూశాడు.

"ఇంటికెళ్ళి మీ చెల్లికి ఏం చెప్పమంటారు వదినా?"

"నిజం చెప్పు. అలవాటు లేకపోతే వారానికోసారి రా, నేర్పిస్తా."

బూడిద పిల్ల తన కొక్కెం మీది పరాయి కోటు తీసి అవతల పడేసింది. తన కోటు విప్పి, అస్తరు బయటికి తిప్పి, అక్కడ తగిలించింది. తర్వాత మొదటి కొక్కెం దగ్గరికెళ్ళింది. దాని మీద మేడమ్ పేరు, దానికి హంతకుడు తగిలించిన కోటు. మొండక్క రెండు కోట్లూ సాక్ష్యమని చెబితే, పడేసినదాన్ని ఏరి, దీన్ని రుమాలు చుట్టి జాగ్రత్తగా తీసి, రెండూ ఇన్‌స్పెక్టరు చేతికిచ్చింది. కొక్కెం ఖాళీ అయింది.

తాళాలాయన ఎక్కడినుంచి వచ్చాడో, బీరువాలోంచి ఇంకో కోటు తెచ్చి ఆ ఖాళీలో పెట్టబోయాడు. పాపం, ఖాళీ కొక్కెం చూడలేకపోయాడు.

"వద్దు బాబాయ్," అంది పిల్ల, ఆయన చెయ్యి పట్టుకుని. "అదలాగే ఉండనీ. ఇక ఈ తలుపుకి ఎవరూ గడియ వెయ్యడానికి వీల్లేదు."